అసలు బ్యాండోళ్లకు దండాలు

మే నెల టూరు ముగిసి ఇంటికొచ్చి వారం దాటింది. సాయం చేసినోళ్లకు ఒక్కొక్కలకు ఫోన్ చేసి చెప్దామంటే సగం మంది నంబర్లే లేవు మా దగ్గర. అందుకే అందరికి కలిపి ఇక్కడ రాస్తున్న. జర పొడుగైతది. అంత ఓపిక లేనోళ్లు చివర్ల ఉన్న టిఫిన్ సంగతి ఒక్కటి చూసి పోండ్రి, అది మాత్రం నిజంగ అక్కెర.

మేమెవరో తెల్వనోళ్ల కోసం రెండు ముక్కలు. మాది కాజీపేట. 2013ల నలుగురం కలిసి రాక్ బ్యాండ్ పెట్టినం. ప్రాక్టీసు మా మేనమామ వెల్డింగ్ షాపు మీది రేకుల రూంల. కింద కటింగ్ మిషన్ నడిచినంత సేపు పైన మేము ఎంత మొత్తుకున్నా ఎవరికి ఇనిపించకపోయేది. మామ చాయ్ తాగుటానికి మిషన్ ఆపిండంటే చాలు, పక్కింటాయన మెట్లెక్కేటోడు. మొదటి గిటారు సెకండ్ హ్యాండ్ గివ్సన్. దాని తీగలు ఎంత ఎత్తుల ఉండేవంటే, రెండు పాటలు వాయించేసరికి వేళ్లు బొబ్బలెక్కేవి.

మేము మొట్టమొదట చూసిన కాన్సర్ట్ ఏదంటే నేను ధూంధాం పేరే చెప్త. తెలంగాణ ఉద్యమం నాడు పెద్ద పెద్ద బాక్సులు పెట్టి, కాళ్లకు గజ్జెలు, భుజాన గొంగడి, చేతుల డప్పు. గ్రౌండంతా లేచి ఎగిరేది. రాక్ అనే మాట తెల్వకముందే ఆ దెబ్బ గుండెకు ఎట్ల తాకుతదో తెలిసింది. నిట్‌ల (మా నాయినకు ఇప్పటికీ ఆర్ఈసీయే) స్ప్రింగ్‌స్ప్రీ (కాలేజీ పండుగ) అయితుంటె బయట రోడ్డు మీద నిలబడి ఇన్నది ఆ తర్వాత.

పన్నెండేండ్లల మనుషులు మారుకుంటనే ఉన్నరు. మొదటి డ్రమ్మర్ ఎమ్మెస్‌కు డల్లాస్ పోయిండు. రెండో ఆయనకు రైల్వేల నౌకరొచ్చి విజయవాడ పోయిండు. లీడ్ గిటారిస్టుకు పెండ్లయింది, ఇగ అంతకంటె చెప్పేది లేదు. కరోనాల రెండేండ్లు రూంకు తాళమే. ఇగ అయిపోయింది అనుకున్నప్పుడల్లా నేను ఇండియన్ ఓషన్‌ను తలుచుకునేటోన్ని. 1990ల ఢిల్లీల మొదలైన బ్యాండ్. తబలా వాయించుకుంటనే పాడే అసీం చక్రవర్తి 2009ల చనిపోయిండు. బ్యాండ్‌ను మొదలుపెట్టిన సుస్మిత్ సేన్ 2013ల, అంటె మేము పుట్టిన ఏడాదే, బయటికి పోయిండు. అయినా వాళ్లు ఆగలే. ఇగ తెలుగుల రాక్ ఏందిర అని నవ్వినోళ్లకు కేరళ అవియల్ బ్యాండ్‌ను ఇనిపించేటోళ్లం. 2008ల వచ్చిన వాళ్ల ఆల్బం పాటలన్నీ మలయాళమే. 2022ల పరకాల నుంచి ఒక చెల్లె వచ్చి మా డ్రమ్స్ మీద కూసున్నది. మా సొంత పాటలు అప్పటి సందే మొదలైనయి. ఇప్పటికి తొమ్మిదైనయి.

ఇగ అసలు బాధ ఏందంటే, మా దిక్కు బ్యాండు అంటె పెండ్లి బ్యాండే. 'మాకు బ్యాండున్నది' అని చెప్పుడే ఆలస్యం, 'బరాత్‌కు ఎంత తీసుకుంటరు? లైట్లు మీయేనా?' అని అడుగుతరు. మా అమ్మ చుట్టాలకు చెప్పుకునుడే బంద్ చేసింది. నాకు మస్తు రోషముండె. ఈసారి టూరుకని కార్డులు కొట్టించి, అడుగున లావు అక్షరాలతోని 'పెండ్లి ఆర్డర్లు తీసుకోబడవు' అని వేయించిన. ఐదు వందల కార్డులు. ఈ కార్డు సంగతి గుర్తు పెట్టుకోండ్రి.

టూరు: హన్మకొండ, కరీంనగర్, గోదావరిఖని, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్. పదమూడు రోజులు, ఒక కిరాయి బొలేరో ట్రాలీ. మేల ఎవడన్న టూరు పెట్టుకుంటడా అని అందరు తిట్టిన్రు. కాలేజీలకు సెలవులు అప్పుడే, మా బేస్ గిటారిస్టుకు హైదరాబాద్ ఆఫీసుల లీవు దొరికింది కూడ అప్పుడే. ఎండకు నీళ్లు, ఓఆర్ఎస్, నెత్తికి తువ్వాలలు అన్నీ సర్దుకున్నం. వాన సంగతి ఒక్కలకు యాదికి రాలే.

హన్మకొండ, కరీంనగర్ మంచిగనే అయినయి. మర్నాడు పగటీలి రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి దిక్కు పోతున్నం. సుల్తానాబాద్ ఇంక రెండు మూడు కిలోమీటర్లు ఉన్నదనంగ మబ్బు కమ్మింది. ముందు దుమ్ము లేచింది, ఎనక గాలి, ఆ ఎనక చినుకులు రాళ్లోలె కొట్టుడు. మేము కట్టిన టార్పాలిన్ తాళ్లు తెంపుకొని పోయింది, ఎటు పోయిందో ఇప్పటికీ తెల్వదు. డ్రమ్స్, రెండు ఆంప్లిఫయర్లు, మూడు గిటార్లు వానల. పక్కన వడ్ల కొనుగోలు సెంటర్ కనబడితె బండి అటు తిప్పినం.

అక్కడ మా కష్టం ఒక కష్టమే కాదు. కాంటా కోసం పెట్టుకున్న వడ్ల కుప్పలు. ఆడోళ్లు, మొగోళ్లు పరదాలు పట్టుకొని ఉరుకుతున్నరు. ఒక కాక మా ట్రాలీ దిక్కు చూసి, 'అవేంది, బాజాలా?' అన్నడు. అవునన్నం. తన కుప్ప మీద రెండు పొరలు కప్పిండు, మీది పొర గుంజి మా దిక్కు ఇసిరిండు.

'వడ్లు తడిస్తే మల్ల ఆరబోసుకుంటం. బాజాలు తడిస్తే ఏం జేస్తరు బిడ్డ?'

మాదీ వ్యవసాయం ఇల్లే. వడ్లల్ల తేమ 17 శాతం దాటితె కాంటా పెట్టరని, మల్ల ఆరబోసుడంటె ఇంకో నాలుగు రోజులు అక్కడనే పండుకునుడని నాకు తెల్వనిది కాదు. అందుకే ఆ పరదా అందుకునేటప్పుడు నా చేతులు ఆడలే. ట్రాలీ కప్పినంక మేమందరం పోయి వాళ్లతోని పరదాల అంచులకు రాళ్లు పెట్టినం, కుప్పల నడుమ నీళ్లు పోవుటానికి కాల్వలు తీసినం. మా బేస్ గిటారిస్టు ఆ గంటల చేసిన పని ఆఫీసుల ఏడాదిల చెయ్యడు.

వాన ఎలిసినంక కాక ఒక ఫోన్ కొట్టిండు. ఆయన బావమరిది దగ్గరి ఊర్ల బ్యాండ్ మేళం నడుపుతడట. ఇద్దరు పేర్లు రాయొద్దన్నరు, రాస్తలేను.

మాస్టర్ ఇంటెనక రేకుల షెడ్డు. గోడకు ట్రంపెట్లు, క్లారినెట్లు. మూలకు పెద్ద డ్రమ్ము, సైడ్ డ్రమ్ములు. తీగ మీద ఎర్ర కోట్లు, బంగారు రంగు అంచులు మాసిపోయినయి. డీజేలు వచ్చినంక ఆర్డర్లు సగానికి పడ్డయట. అది ఆయన ఏడ్చుకుంట చెప్పలే, ఏదో మాటల మాటగ అన్నడు. మా సామాన్లు దింపి, డాక్టర్ లెక్క ఒక్కొక్కటి తిప్పి చూసుడు మొదలు పెట్టిండు. నేను ఆగలేక ఆంప్ పనిచేస్తదా లేదా చూద్దామని వైరు పిన్ను గోడకు పెట్టబోతే చేతి మీద ఒక్కటి ఏసిండు.

'తడిసినదానికి కరెంటు ఇస్తవా? ఉన్నది కూడ కాలిపోతది. ఎనుక రేకు ఇప్పి ఫ్యాన్ ముందల పెట్టు. మూడు రోజులు ముట్టకు.'

ఆ ఒక్క దెబ్బకే ఈ పోస్టు మొత్తం రాయొచ్చు. రెండు ఆంప్‌లల్ల ఒకటి ఇయ్యాల బతికున్నదంటే అందుకే.

డ్రమ్ముల సంగతి ఇంకో తీరు. ఇప్పటి డ్రమ్ సెట్లకు తోలు ఉండదు, మీద ఉండేది ప్లాస్టిక్, నీళ్లు పడితె తుడిస్తె అయిపోతది. చెడేది కింది చెక్క. పొరలు పొరలుగ అతికించిన చెక్క కదా, మా బేస్ డ్రమ్ అంచు తామర పువ్వోలె ఇచ్చుకున్నది. ఎండకు పెడితె పగులుతది, నీడకే ఆరాలె అన్నడు మాస్టర్. 'మా తాత డప్పు కొట్టెటోడు. తోలు మెత్తబడితె గడ్డి మంట మీద కాగబెట్టి, వేలితోని టక్కున కొట్టి చూసి, ఇగ సాలు అనెటోడు. మీ ప్లాస్టిక్‌కు ఆ యోగం లేదు' అని నవ్విండు. వాళ్లింటి చిన్నమ్మ బియ్యం దోరగ వేయించి, గుడ్డల మూట గట్టి, మూడు గిటారు పెట్టెలల్ల పెట్టింది. కొత్త బూట్ల డబ్బాల చిన్న పొట్లం వస్తది చూడుండ్రి, తేమ గుంజేది, దాని పనే ఇది.

గోదావరిఖని ప్రోగ్రాం తెల్లారే. మా దగ్గర డ్రమ్ముల్లేవు, ఆంప్ లేదు. మాస్టర్ పెద్ద డ్రమ్ము, సైడ్ డ్రమ్ము, తాళాలు, బరాత్ బండి మీది అహుజా సెట్టు అన్నీ మా ట్రాలీల ఎక్కించిండు. అడ్వాన్సు అడగలే, ఆధార్ జిరాక్సు అడగలే. 'ఎప్పుడన్న అవసరముంటదేమో, మీ కార్డొకటి ఇయ్యి' అన్నడు.

ఇచ్చిన. ఇయ్యక తప్పుతదా. అద్దాలు పెట్టుకొని పై నుంచి కింది దాకా సదివిండు. ఆఖరి లైను దగ్గర ఆగి నా మొఖం చూసిండు. 'మంచిదే బిడ్డ. మేం తీసుకుంటం' అని జేబుల పెట్టుకున్నడు. నా పన్నెండేండ్ల రోషం ఆ షెడ్డుల ఏ మూలకు పోయి దాక్కున్నదో. మిగిలిన కార్డులు మా మామ కొలిమిల పడ్డయి.

పెద్ద డ్రమ్మును అంచు మీద నిలబెట్టి, కదలకుంట రెండు దిక్కుల ఇటికలు పెట్టి, మా కాలి పెడల్ బిగించినం. చెల్లె ఒక్కసారి తొక్కింది. షెడ్డు రేకులు అదిరినయి. మాస్టర్ సైడ్ డ్రమ్ము తాళ్లు ఆయన చేతితోనే బిగించి, పుల్లలు ఆమె చేతికిచ్చి, 'కొట్టు బిడ్డ' అన్నడు. కొంచెం సేపు ఇని, 'కుడి చెయ్యి మంచిగున్నది, ఎడమ చెయ్యి నిద్రపోతున్నది' అన్నడు. మూడేండ్ల సంది నేను చెప్పలేకపోయిన మాట అది.

తర్వాత ఆలోచిస్తె ఇదేం వింత కాదనిపించింది. ఎనకట కవాతు బ్యాండ్లల్ల పెద్ద డ్రమ్ము ఒకలు, చిన్న డ్రమ్ము ఒకలు కొట్టెటోళ్లు. అమెరికాల లుడ్విగ్ అన్నదమ్ములు 1909ల కాలితోని తొక్కే పెడల్ తయారుచేసి అమ్ముడు పెట్టినంక, ఒక్క మనిషే కూసోని రెండూ కొట్టుడు సులువైంది. ఇప్పటి డ్రమ్ సెట్ ఆ దారినే వచ్చింది. అంటె నేను కార్డు మీద ఎవలను దూరం పెట్టిన్నో, వాళ్లు మాకు వరుసకు తాతలైతరు.

గోదావరిఖనిల జనం మంచిగొచ్చిన్రు, బొగ్గు బాయిల ఫస్ట్ షిఫ్టు దిగి తానం చేసి వచ్చినోళ్లే సగం. మైకు పెట్టంగనే స్పీకర్లల్ల గుయ్యిమని ఒకటే మోత. వైర్లు మార్చినం, గిటార్లు మార్చినం, పోలే. ముందు వరుసల కూసున్న ఒక పెద్దాయన లేచి, 'ఎర్తింగ్ ఏడున్నది?' అని అడిగిండు. బాయిల ఎలక్ట్రీషియన్‌గ చేసి రిటైరైండట. హాలెనక ఎర్త్ గుంత ఎండకు నెర్రెలిచ్చి ఉన్నది. మట్టి అంత ఎండితె కరెంటు భూమిల దిగదు. రెండు బకెట్ల నీళ్లల్ల దోసెడు ఉప్పు కలిపి పోయించిండు. పావు గంటకు మోత సగం తగ్గింది. పూర్తిగ పోలే, కాని పాట ఇనొచ్చు. బాపూ, ఆ రాత్రి ఎనిమిది పాటలు పాడినం, ఒక్కో పాటకు ఒక్కో దండం మీకు.

నిర్మల్‌ల ఇంకో కథ. ఎండకు ఆగిన ట్రాలీల ఉండి ఉండి నా అకౌస్టిక్ గిటారు బ్రిడ్జి (తీగలు కట్టే చెక్క) లేచింది. బొమ్మలు చేసే ఒక అన్న దగ్గరికి తీస్కపోయిన్రు. ఆయన ముందల పొణికి కర్ర బొమ్మలు, చింతగింజల జిగురుల రంపపు పొట్టు కలిపిన లప్పం. గిటారు చేతుల పట్టుకొని తీగలు ఎంత గుంజుతయని అడిగిండు. ఆరు తీగలు కలిపి దాదాపు 70 కిలోల గుంజుడు ఉంటదన్న. 'అయితె నా లప్పం దీనికి పనికిరాదు' అని ముందే చెప్పిండు. పాత జిగురు గీకి, ఫెవికాల్ పెట్టి, బిగింపులేసి, రేపటిదాక తీగలెక్కియ్యొద్దన్నడు. పైసలియ్యబోతే తీసుకోలే, బిడ్డకు ఒక పాట పాడి పొమ్మన్నడు. పాడిన. ఆమెకు నచ్చలే, మొఖం చూస్తనే తెలిసింది.

ఆదిలాబాద్‌ల చెప్పుకునేటంత ఆపద రాలే, అందుకే అక్కడోళ్లకు ఒక్క ముక్కే: మంచిగ ఇన్నరు, ఆఖరి పాట పొడుగైందని మంచిగ తిట్టిన్రు కూడ.

ఇగ లెక్క. రిపేర్ల కోసమని మీరందరు పంపినయి మొత్తం 61,400 రూపాయలు. బేస్ డ్రమ్ చెక్క, ఒక ఆంప్ బోర్డు, కేబుళ్లు కలిపి 43,250 అయినయి. కాక పరదా గాలికి ఒక మూలకు చినిగింది. దాని బదులు రెండు కొత్తయి కొని మొన్ననే ఇచ్చొచ్చినం, 5,600. ఒకటి చాలన్నడు, ఇనలే. మిగిలిన 12,550 మాస్టర్‌కు కిరాయి కింద ఇయ్యబోతే తీసుకోలే. దానికి బదులు ఇంకోటి అడిగిండు. శ్రావణంల మంథని దిక్కు ఒక బరాత్ ఉన్నదట, సైడ్ డ్రమ్ముకు మనిషి తక్కువ. మా చెల్లె పోతున్నది. నన్నెప్పుడు పిలుస్తరని అడిగిన. 'గిటారు బరాత్‌ల ఇనిపియ్యది బిడ్డ' అన్నడు. ఆ పైసలు అట్లనే ఉన్నయి, సెప్టెంబర్ దాక ఎవలకన్న బాజాల రిపేరు కావాల్నంటే అడుగుండ్రి, బ్యాండ్ మేళపోళ్లకే ముందు.

టిఫిన్ సంగతి. మంచిర్యాల ప్రోగ్రాం అయిపోయి సామాన్లు సర్దుతుంటే ఒక అక్క వచ్చి నాలుగు గిన్నెల స్టీలు టిఫిన్ చేతుల పెట్టింది. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు, అడుగు గిన్నెల పెరుగన్నం. 'తినుండ్రి, మల్లొచ్చి తీస్కపోత' అన్నది. మేము తిని, గిన్నెలు కడిగి, పదకొండు దాక చూసినం. రాలే. ప్రోగ్రాం పెట్టినోళ్లను అడిగితె వాళ్లకూ తెల్వదు. టిఫిన్ ఇప్పుడు కాజీపేటల మా ఇంట్ల ఉన్నది. మూత మీద పేరు చెక్కి ఉన్నది, ఇక్కడ రాయను. ఆ పేరేందో, కింది గిన్నెకు సొట్ట ఏ దిక్కు ఉన్నదో చెప్పినోళ్లకే ఇస్తం. అక్కా, ఇది చదివితె ఒక మెసేజ్ పెట్టు. వచ్చే ఆదివారం మావోడు ఒకడు భాగ్యనగర్ ట్రైన్‌కు మంచిర్యాల వస్తుండు, తెచ్చిస్తడు. ఉత్త గిన్నెలు పంపొద్దని మా అమ్మ సకినాలు చేస్తున్నది.