ఫోన్ జీపీఎస్ వేరు, ఉపగ్రహం జీపీఎస్ వేరు

సంపాదకుల గారికి,

ఉపగ్రహాలతో కొలిస్తే సముద్ర మట్టం ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతోందని తేలినట్టు మీ పత్రికలో వచ్చిన వార్త మా వాకింగ్ బ్యాచ్‌లో పెద్ద గొడవే పెట్టింది. "ఎంవీపీ కాలనీలో ఇంట్లో కూర్చుంటే నా ఫోన్ పక్క వీధిలో చూపిస్తుంది, ఆటో అతను అక్కడికెళ్లి హారన్ కొడుతుంటాడు, అలాంటి జీపీఎస్‌ని నమ్ముకుని ఆకాశంలోంచి మిల్లీమీటర్లు కొలిచారా, ఎవరి చెవిలో పూలు పెడతారు" అన్నారొకాయన. ప్రశ్న సరైనదే, జవాబు మాత్రం మీ వార్తలో లేదు.

సముద్ర మట్టం కొలిచే సెంటినెల్-6 లాంటి ఉపగ్రహం 1,336 కిలోమీటర్ల ఎత్తు నుంచి రాడార్ తరంగం పంపి, నీటిని తాకి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం లెక్కేస్తుంది. తన ఎత్తులోంచి ఆ దూరం తీసేస్తేనే కదా నీటి మట్టం తెలిసేది. ఆ ఎత్తు తేల్చడానికే జీపీఎస్ కావాలి. ఎత్తులో అయిదు సెంటీమీటర్లు తేడా వస్తే సముద్రం లెక్కలోనూ అదే అయిదు వచ్చి కూర్చుంటుంది.

ఫోన్ మామూలుగా జీపీఎస్ సిగ్నల్‌లోని కోడ్‌ని (అది ఎప్పుడు బయల్దేరిందో తెలిపే గుర్తుల వరసని) బట్టే దూరం లెక్కిస్తుంది, అపార్ట్‌మెంట్ల గోడలకు కొట్టుకుని వచ్చిన సిగ్నల్‌ని కూడా నిజమే అనుకుంటుంది. ఉపగ్రహంలోని రిసీవర్ కోడ్‌తో ఆగదు, ఆ కోడ్‌ని మోసుకొచ్చే దాదాపు 19 సెంటీమీటర్ల అలలో ఎన్నో వంతు తనకు చేరిందో కూడా కొలుస్తుంది. రెండు ఫ్రీక్వెన్సీలు వాడుతుంది కాబట్టి అయనోవరణం (పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొర) వల్ల వచ్చే ఆలస్యం చాలావరకు పోతుంది. పైగా పక్కా లెక్కకి తొందరేం ఉండదు. జీపీఎస్ ఉపగ్రహాల కక్ష్యలూ గడియారాలూ ప్రపంచమంతటా ఉన్న స్టేషన్ల డేటాతో సరిచేసి వచ్చేదాకా ఆగి, భూమి ఆకర్షణ, పల్చటి గాలి రాపిడి, సూర్యకాంతి ఒత్తిడి అన్నీ కలిపి తీరిగ్గా తేలుస్తారు. అలా ఎత్తు ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాలోకి వస్తుంది.

అసలు మజా ఆ లెక్కని సరిచూడటంలో ఉంది. పక్కపక్క రెండు రోజుల కక్ష్య లెక్కలు కొన్ని గంటలపాటు ఒకదానిమీద ఒకటి పడేలా చేసి పోలుస్తారు గానీ, అది మన పరీక్ష పేపరు మనమే దిద్దుకున్నట్టు. ఉపగ్రహం మీద జీపీఎస్ యాంటెన్నా ఉన్న చోటు కాస్త తప్పుగా రాసుకుంటే రెండు రోజులూ అదే తప్పు, రెండూ చక్కగా కలిసిపోతాయి! అందుకే నేల మీంచి లేజర్ కొడతారు, ఉపగ్రహం అడుగున బిగించిన అద్దాల నుంచి వెలుగు తిరిగొచ్చే సమయం దూరం చెబుతుంది, జీపీఎస్‌తో సంబంధమే లేదు. 2013లో ఇస్రో, ఫ్రాన్స్ కలిసి శ్రీహరికోట నుంచి పంపిన సరల్ అనే సముద్ర మట్టం కొలిచే ఉపగ్రహానికీ ఈ అద్దాలున్నాయి (దాని కక్ష్య తేల్చింది మాత్రం డోరిస్ అనే ఫ్రెంచ్ రేడియో పద్ధతితో). లక్షల కొలతల సగటు తీస్తే చిల్లర తేడాలు పోయి మిల్లీమీటర్లు తేలతాయి, కానీ ఏళ్ల తరబడి ఒకే వైపు జరిగే తప్పు సగటుతో పోదు. దాన్ని పట్టుకోవడానికే లేజర్.

ఇంకో మాట. మీరు వేసిన అంకె ప్రపంచ సగటు. తీరం దగ్గరికొచ్చేసరికి రాడార్ ప్రతిధ్వనిలో నేల కూడా కలిసిపోతుంది కాబట్టి ఆర్కే బీచ్ గురించి అది నేరుగా చెప్పేది తక్కువ. ఇక్కడ ఇసుక కోతకి హార్బర్ గోడలు ఇసుక కదలికని అడ్డుకోవడం కూడా కారణమే, అంతా ఆ మూడు మిల్లీమీటర్ల మీదకి నెట్టేయకండి. ఈసారి వార్త వేస్తే ఏ ఉపగ్రహం, దాని కక్ష్యని దేనితో సరిచూశారు అన్నది రెండు లైన్లు రాసి, మన పోర్టులోని టైడ్ గేజ్ (తీరంలో నీటి మట్టం కొలిచే పరికరం) ఏం చెబుతోందో కూడా పక్కనే వేయండి.

ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం