ఇంట తెలుగు, పట్టీలో తమిళం

సంపాదకులకు నమస్కారం.

ఉగాదికి ముందు మా ఆవిడ సరుకులు చెబుతుంటే మనవరాలు పట్టీ రాసింది. మాటలన్నీ తెలుగువే, అక్షరాలు మాత్రం తమిళం. ప, బలకు ఆ లిపిలో ఒకటే అక్షరం కనుక 'బెల్లం' కాస్తా 'పెల్లం' అయి కూర్చుంది. అందరం నవ్వుకున్నాం గానీ, ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లకు పెళ్ళిపత్రిక చదవడం రాదన్న సంగతి ఆ నవ్వుతో పోలేదు.

మాది తమిళనాడులో, కర్ణాటక సరిహద్దున ఉన్న హోసూరు. అంగట్లో తమిళం, కన్నడం కలిపి మాట్లాడటం మాకు కొత్త కాదు. పొరుగు భాష నేర్చుకోవడం వల్ల మేము పోగొట్టుకున్నదీ లేదు. చిక్కల్లా నేర్చుకున్నది ఉన్నదాని చోటును ఆక్రమించినప్పుడే. 2006లో తమిళనాడు చేసిన చట్టం 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతి చొప్పున 2015-16కు పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేసింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధన కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగం 350-ఏ అధికరణం చెబుతూనే ఉంది.

అయితే మనవైపూ చూసుకోవాలి. తెలంగాణ 2018లో బడుల్లో తెలుగును తప్పనిసరి చేసింది. గోండుల భాషను రాసే గుంజాల గోండి లిపి, కంప్యూటర్లలో అక్షరాలకు ప్రమాణమైన యూనికోడ్‌లో చేరిందీ ఆ ఏడే. ఆదిలాబాద్ గోండు పిల్లలు తమ భాషను ఏ అక్షరాలతో రాసుకుంటున్నారో మీ విలేకరులు వెళ్ళి చూసి రాయాలని మనవి.

— ఒక పాఠకుడు, హోసూరు