పేరు చెక్కించని విరాళం: సెమినరీ విద్యార్థుల నిధికి మన సంఘం విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సంఘ సభ్యులకు, విశాఖపట్నంలోని తోటి బాప్టిస్టు సంఘాల పెద్దలకు, ఉద్యోగాల కోసం ఊరు విడిచి వెళ్లిన మన పిల్లలకు కమిటీ తరఫున వందనములు.

ఈసారి మేము అడుగుతున్నది చర్చికి రంగులు వేయడానికి కాదు. కొత్త మైకు సెట్టుకు కాదు, ప్రహరీ గోడకు అసలే కాదు. సెమినరీలో, అంటే సంఘ కాపరులను తయారుచేసే వేదాంత పాఠశాలలో, సేవ కోసం చదువుకోబోయే పిల్లల మెస్ బిల్లుకు, ఫీజుకు, పుస్తకాలకు అడుగుతున్నాం. జూన్‌లో తరగతులు మొదలయ్యేలోగా ‘సెమినరీ విద్యార్థుల నిధి’ ఏర్పాటు చేయాలని సంఘ సభలో తీర్మానించుకున్నాం. ఆ సభలోనే ఒక పెద్దాయన లేచి, ‘‘సెమినరీ సంగతి కన్వెన్షన్ చూసుకుంటుంది కదా, మనకెందుకు?’’ అన్నారు. కన్వెన్షన్ అంటే మన బాప్టిస్టు సంఘాల సమాఖ్య. అడగదగిన మాటే. మైకులో రెండు ముక్కల్లో చెప్పి తప్పించుకునే జవాబు కాదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాం.

తెలుగు నేల మీద ప్రొటెస్టంట్ మిషను పని మొదలైందే మన ఊళ్లో. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లో ఇక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని, సువార్తలను తెలుగు చేసే పనిలో కూర్చున్నారు. ఐదారేళ్లు తిరక్కుండానే ఇద్దరూ చనిపోయారు. బాప్టిస్టులు వచ్చింది ఆ తర్వాత. అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో కలకత్తాలో ఓడ దిగి ముందుగా విశాఖపట్నమే వచ్చారు. కొన్నాళ్లు ఇక్కడ, కొన్నాళ్లు శ్రీకాకుళంలో ఉండి 1837లో మద్రాసు వెళ్లారు. 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. అలా మన గడప దాకా వచ్చిన బాప్టిస్టు మిషను దక్షిణానికి మళ్లింది. మళ్లీ ఇటువైపు రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

ఆ నలభై ఏళ్లలో దక్షిణాన ఏం జరిగిందో తెలిస్తేగాని సెమినరీ ఎందుకు పుట్టిందో అర్థం కాదు. చాలాకాలం పాటు ఫలితం చాలా కొద్ది. తర్వాత ఒంగోలులో అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారి కాలంలో గ్రామాలకు గ్రామాలు కదిలాయి, అందులోనూ ముఖ్యంగా మాదిగ పల్లెలు. 1876-78 కరువులో క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి చూపించారు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను మన ప్రసంగాల్లో చాలాసార్లు విన్నాం. మర్నాడు ఏమైందన్నది మాత్రం ఎవరూ చెప్పరు. రెండు వేల మందికి పైగా విశ్వాసులు వాళ్ల వాళ్ల పల్లెలకు తిరిగి వెళ్లారు. అక్కడ వాళ్లకు వాక్యం చదివి వినిపించేది ఎవరు? పెళ్లి చేసేది, చావుకి ప్రార్థన చేసేది, తగువు తీర్చేది ఎవరు?

ఆ పని చేసే మనుషులను తయారుచేయడానికే, అంతకు కొన్నేళ్ల ముందే, రామాయపట్నంలో సెమినరీ పుట్టింది. ఇప్పుడు పోర్టు పేరుతో వార్తల్లో వినిపిస్తున్న ఆ రామాయపట్నమే. అక్కడ 1870లో మిషను స్టేషను తెరిచింది ఎ.వి. టింపనీ గారు. మన ఊళ్లో టింపనీ స్కూలు ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఆ పేరు వెనక మనిషి తెలుసో గాని, ఆయన కథ మొదలైంది అక్కడ, ముగిసింది 1885లో కాకినాడలో. 1870ల్లో రామాయపట్నంలో చదివిన వాళ్లలో చాలామంది పెళ్లయిన మగవాళ్లు. భార్యాపిల్లలతో సహా వచ్చి కాంపౌండులో కాపురం పెట్టేవారు. కొందరికి అక్షరాల దగ్గర నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. పల్లెలో సేవకుడి భార్య కూడా సేవకురాలే కాబట్టి ఆడవాళ్లకూ చదువు చెప్పారు. ఆ మాట ఇవాళ మనం మర్చిపోయాం. ఈ విజ్ఞప్తిలో దాన్ని మళ్లీ ఎత్తబోతున్నాం.

మన ఉత్తర సర్కారుల (ఈ కోస్తా జిల్లాల పాత పేరు) వైపు కథకు ఆరంభకుడు తెల్లవాడు కాదు, థామస్ గాబ్రియేలు గారు. టెలిగ్రాఫ్ శాఖలో సర్కారు కొలువు. దాన్ని వదులుకుని కాకినాడలో సువార్త పని పెట్టుకున్నారు. జీతం పోయింది, తోటి బోధకులను పోషించాలి, అప్పులు మీద పడ్డాయి. ఆయన పిలుపు మీదనే కెనడా బాప్టిస్టుల తరఫున జాన్ మెక్లారిన్ గారు 1874లో ఒంగోలు వదిలి కాకినాడ వచ్చారు. మరుసటి ఏడాది ఆరంభంలోనే గాబ్రియేలు గారు కన్నుమూశారు. సంఘాల్లో విరాళాల మాట వచ్చినప్పుడల్లా మిషనరీల త్యాగం చెబుతాం, చెప్పాలి కూడా. అయితే కెనడా నుంచి మొదటి డాలరు రాకముందే ఒక తెలుగువాడు ఈ పని కోసం అప్పులపాలయ్యాడని కూడా చెప్పాలి.

1882లో మెక్లారిన్ గారు సామర్లకోటలో సెమినరీ పెట్టారు. విశాఖ నుంచి కాకినాడ వెళ్లేటప్పుడు మనకు రైల్లో తగిలే సామర్లకోటే. అప్పటికి ఆ రైలు దారి లేదు. తర్వాత అది కాకినాడకు మారింది. మన కాపరులు ‘బి.టి.ఎస్.’ అని ముద్దుగా పిలుచుకునే బాప్టిస్ట్ థియలాజికల్ సెమినరీ అదే. సామర్లకోటలో నాటినది నేటికి 140 ఏళ్లు దాటింది. స్త్రీల కోసం కెనడా బాప్టిస్టులు తునిలో ఈవా రోజ్ యార్క్ పేరిట బైబిలు శిక్షణ పాఠశాల పెట్టారు. మన పాత తరం బైబిలు ఉమన్ అమ్మగార్లు కొందరు అక్కడ తర్ఫీదైనవారే.

ఆ తర్వాత చదువు మెట్టు మెట్టుగా పెరిగింది. విలియం కేరీ, ఆయన సహచరులు 1818లో కలకత్తా దగ్గర స్థాపించిన సెరంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు చార్టరు ఇచ్చాడు. డిగ్రీలిచ్చే అధికారం దానితో వచ్చింది. కేరీ కూడా బాప్టిస్టే అన్నది మనకు కొంచెం గర్వం, ఉండనివ్వండి. ఇవాళ మన కాపరుల్లో చాలామంది గోడకు తగిలించుకున్న బి.టి.హెచ్., బి.డి. అనే వేదాంత పట్టాలు సెరంపూర్ సెనేట్ ఇచ్చినవే. 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఏర్పడినప్పుడు బాప్టిస్టులు, లూథరన్లు, సి.ఎస్.ఐ., మెథడిస్టులు ఒక కప్పు కింద చదువుకోవడం మొదలైంది. 1970ల్లో అది హైదరాబాదు తరలింది. ఒకప్పుడు అక్షరాలు దిద్దుకున్న చదువు ఇప్పుడు ఇంటర్ పాసైతే బి.టి.హెచ్., డిగ్రీ చేసి ఉంటే బి.డి. అనే స్థాయికి వచ్చింది. హీబ్రూ, గ్రీకు ఉన్నాయి. సంఘ చరిత్ర, ఇతర మతాల అధ్యయనం, కౌన్సెలింగ్ ఉన్నాయి. సెలవు రోజు సంఘాలకు వెళ్లి పని నేర్చుకోవడం ఉంది.

ఇంత పెరుగుదల మంచిదేనా అని కమిటీలోనే చర్చ జరిగింది. ‘‘మా చిన్నప్పటి పాస్టరు గారికి ఇంత చదువు లేదు, ఆయన ప్రార్థన చేస్తే ఇల్లు వణికేది’’ అన్నారు ఒకరు. నిజమే అయి ఉండొచ్చు. కానీ మన బెంచీల్లో ఇప్పుడు స్టీలు ప్లాంటు ఇంజనీర్లు, షిప్‌యార్డు కార్మికులు, నర్సులు, యూనివర్సిటీ పిల్లలు కూర్చుంటున్నారు. యూట్యూబులో ప్రతి రాత్రీ ఎవరో ఒకరు కొత్త సిద్ధాంతం చెబుతున్నారు, వాట్సాప్‌లో లోకాంతం తేదీలు తిరుగుతున్నాయి. సోమవారం ఉదయం పాస్టరు గారికి ఫోన్ చేసి ‘‘అయ్యగారూ, ఇది వాక్యంలో ఉందా?’’ అని అడిగేది మనమే. చదవని మనిషి దానికి ఏమి చెబుతాడు? కేకలేసి చెప్పేవాళ్లకు కొరత లేదు, తెలిసి చెప్పేవాళ్లకు ఉంది.

ఇక పెద్దాయన ప్రశ్నకు వద్దాం. మిషను రోజుల్లో సెమినరీ ఖర్చు సముద్రం అవతలి నుంచి వచ్చేది. మిషనరీలు వెళ్లిపోయారు, ఆ డబ్బూ క్రమంగా తగ్గింది. చదువు పెరిగిన కొద్దీ ఖర్చు పెరిగింది, మోసే భుజాలు మాత్రం మారాయి. మనం బాప్టిస్టులం. మనకు బిషప్పు లేరు. కాపరిని పిలుచుకునేది సంఘం, సంఘ సభలో చేతులెత్తి నిర్ణయించేది సంఘం. పిలుచుకునే హక్కు మనదైనప్పుడు, ఆ పిలుపుకు తగిన మనిషిని తయారుచేసే ఖర్చు మరొకరిది ఎలా అవుతుంది? కన్వెన్షన్ అంటే ఎక్కడో కాకినాడలో ఉన్న ఆఫీసు కాదు, మనలాంటి సంఘాలన్నీ కలిస్తేనే కన్వెన్షన్.

ఇంకొక సంగతి, నొప్పించకుండా చెబుదామంటే కుదరడం లేదు. మనం ఇవ్వని సంఘం కాదు. చర్చిలో తల పైకెత్తి చూడండి: ప్రతి ఫ్యాను రెక్క మీదా ఒక దాత పేరు, పక్కనే ‘జ్ఞాపకార్థం’. బెంచీ వీపు మీద పేరు, గంట మీద పేరు, గేటు మీద మూడు తరాల పేర్లు. తప్పు కాదు, తల్లిదండ్రులను తలుచుకోవడం మంచిదే. కానీ ఒక విద్యార్థి నెల రోజులు తిన్న అన్నం మీద ఎవరి పేరూ రాయలేం. హీబ్రూ నిఘంటువు అట్ట మీద రాయొచ్చు గాని దాన్ని చూసేది ఆ కుర్రాడొక్కడే. అందుకే ఇలాంటి వాటికి డబ్బు పుట్టదు. ఈ నిధికి శిలాఫలకం ఉండదని ముందే చెబుతున్నాం.

మన సంఘం సిఫారసుతో వెళ్లేవారికి, మన చుట్టుపక్కల పల్లె సంఘాల నుంచి వెళ్తూ ఆసరా లేనివారికి ఈ నిధి. అబ్బాయిలు, అమ్మాయిలు ఇద్దరూ అర్హులే. ఫీజు, మెస్ డబ్బు విద్యార్థి చేతికి ఇవ్వం, నేరుగా సెమినరీకి కట్టి రసీదు తెచ్చుకుంటాం. పుస్తకాల మీద కాస్త చేయి సడలించి ఖర్చు పెట్టాలన్నది కమిటీ అభిప్రాయం. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లవాడికి పాఠ్యగ్రంథాలు ఎక్కువగా ఇంగ్లిషులోనే దొరుకుతాయి. ఒక మంచి వ్యాఖ్యాన గ్రంథం ధర చూస్తే మనకే గుండె ఝల్లుమంటుంది. మొదటి ఏడాది చాలామంది తడబడేది భక్తి తక్కువై కాదు, భాష అందక. అందుకని సెలవుల్లో ఇంగ్లిషు చెప్పడానికి మన సంఘంలోని టీచర్లు ముందుకు రావాలి. అదీ విరాళమే, కోశాధికారి పుస్తకంలో రాసుకుంటారు.

పెళ్లయి చదువుకు వెళ్లేవారి సంగతి వేరు. ఇంట్లో సంపాదన ఆగిపోతుంది, బిడ్డల స్కూలు ఫీజు ఆగదు. రామాయపట్నంలో ఆనాడు కుటుంబాన్నే కాంపౌండులోకి తీసుకున్నారు. మనం అంత చేయలేకపోయినా, భార్య పేరిట నెలనెలా కొంత మొత్తం బ్యాంకులో వేయాలని, ఆమె తానూ బైబిలు కోర్సు చదువుతానంటే ఆ ఫీజు కూడా కట్టాలని అనుకున్నాం. చదువయ్యాక మన సంఘానికే రావాలన్న షరతు పెట్టడం లేదు. అరకు వైపు వెళ్లినా, శ్రీకాకుళం జిల్లా సవర పల్లెలకు వెళ్లినా సంతోషమే. ఈ షరతు వద్దన్నందుకు కమిటీలో ఇద్దరికి ఇప్పటికీ మనసు ఒప్పలేదు, కానీ తీర్మానం తీర్మానమే.

నెలకు 200 రూపాయల నుంచి ఎంతైనా ఇవ్వొచ్చు. ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి మర్చిపోయేవారికన్నా నెలనెలా కొంచెం ఇచ్చేవారు మాకు ఎక్కువ అవసరం, మెస్ బిల్లు నెలనెలా వస్తుంది కాబట్టి. ‘సె.వి.ని.’ అని రాసి ఉన్న పచ్చ కవర్లు ఆదివారం బల్ల మీద ఉంటాయి. దశమభాగం కవరులో నుంచి తీసి ఇందులో వేయకండి, అలా చేస్తే పాస్టరు గారి జీతానికే లోటు పడుతుంది. బ్యాంకు ఖాతా వివరాలు నోటీసు బోర్డులో ఉన్నాయి. ప్రతి పైసాకు రసీదు ఇస్తాం, మూడు నెలలకోసారి లెక్క చదివి వినిపిస్తాం. ఆదాయపు పన్ను మినహాయింపు మాత్రం ఇవ్వలేం, ఆ ఆశతో ఇవ్వకండి.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఒక మాట. విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావలసిన ఎఫ్.సి.ఆర్.ఎ. రిజిస్ట్రేషన్ మన సంఘానికి లేదు. మీరు ఇంకా భారత పౌరులై ఉండి, మీ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, ఓ.సి.ఐ. కార్డు ఉన్నా సరే, దయచేసి ఈ ఖాతాకు పంపవద్దు. ఇక్కడి అకౌంటు నుంచి వేసినా చట్టం దాన్ని విదేశీ విరాళంగానే చూస్తుంది. అభిమానంతో పంపిన డబ్బు సంఘాన్ని చిక్కుల్లో పెట్టకూడదు. మీరు ప్రార్థించండి, చదివేసిన మంచి పుస్తకాలు ఏమున్నాయో ఊరికి వచ్చినప్పుడు చెప్పండి.

స్త్రీల సమాజం వారు పిడికెడు బియ్యం మళ్లీ మొదలుపెడతామని ముందుకొచ్చారు. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేసే పాత పద్ధతి అది. మన అమ్మమ్మల కాలంలో బోధకుల ఇళ్లు చాలావరకు దానితోనే గడిచాయి. గాజువాక, గోపాలపట్నం, మధురవాడ వైపు ఉన్నవారు బస్సులో సంచి మోసుకు రానక్కర్లేదు, యూత్ వాళ్లు నెలాఖరు శనివారం ఇళ్లకు వచ్చి తీసుకెళ్తారు. బియ్యం కాకినాడ దాకా మోయం. మరునాడు ఆరాధన అయ్యాక కోత పండుగలో మాదిరే వేలం వేసి, వచ్చిన డబ్బు నిధిలో జమ చేస్తాం. వేలంలో మార్కెట్ ధరకన్నా ఎక్కువ పాడినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఎంత ఇవ్వదలచుకున్నారో రాసిన చీటీలు మే నెల ఆఖరి ఆదివారంలోగా కోశాధికారికి అందజేయండి. ఈ ఏడాది సెమినరీకి వెళ్లాలనుకునే యవ్వనస్థులు అంతకంటే ముందే పాస్టరు గారిని, డీకన్లను కలవండి.

ఇట్లు,
సంఘ కమిటీ,
విశాఖపట్నం