మా గ్రామఫోన్ సౌండ్ బాక్స్ మాకు పంపండి: లాట్ నంబరు 47 మీద ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ ప్రైవేట్ బిడ్డింగ్‌కి (వేలానికి) లాట్ 47గా పంపిన గ్రామఫోన్‌ని అమ్ముడుపోలేదని తిప్పి పంపారు, అందులో సౌండ్ బాక్స్ (ముల్లు కదలికని శబ్దంగా మార్చే గుండ్రటి భాగం) మారిపోయింది.

నమస్తే అండి. ఇది నా నాలుగో మెయిల్. మొదటి మూడింటికీ "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని ఒకటే జవాబు వచ్చింది. నేను చెప్పింది అభిప్రాయం కాదండీ, మా వస్తువు పోయిందని చెప్పాను.

మాది విజయనగరం. మా తాతగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు, ఆ రోజుల్లో మా వైపు నుంచి చాలామంది అక్కడికే వెళ్లేవారు లెండి. కలకత్తాలో సెకండ్‌హ్యాండ్‌లో ఈ హెచ్.ఎం.వి. పెట్టె కొని, బాకాని వేరే గోనెలో చుట్టి రైల్లో ఇంటికి తెచ్చారట. ఇన్నేళ్లూ మా ఇంట్లోనే ఉంది. ఇప్పుడు ఇంటి పైకప్పు పని పడింది, అమ్మక తప్పలేదు. బయట అమ్ముదామంటే కొనేవాళ్లకి అసలుకీ నకిలీకీ తేడా తెలీదు, తళతళలాడే ఇత్తడి బాకా పెట్టి కుక్క బొమ్మ అంటించిన కొత్త పెట్టెలనే పాతవని కొంటున్నారు. మీ దగ్గర బిడ్ వేసేవాళ్లంతా తెలిసినవాళ్లే అని మీ ప్రతినిధి ఫోన్లో అరగంట చెప్తే నమ్మి, 1,500 రిజిస్ట్రేషన్, 3,200 రవాణా కట్టి, 45,000కి తక్కువైతే ఇవ్వనని రాసిచ్చి పంపించాను.

మొదటి తప్పు లిస్టింగులోనే చేశారు. "1900 నాటి అరుదైన ఫోనోగ్రాఫ్" అని పెట్టారు. ఎడిసన్ 1877లో చేసింది ఫోనోగ్రాఫ్, అది గొట్టం మీద పాడుతుంది. బెర్లినర్ 1887లో మొదలుపెట్టింది పళ్లెం మీద పాడేది, దాన్నే గ్రామఫోన్ అంటారు. మాది రెండోది, మీరు పెట్టిన ఫొటోలోనే పళ్లెం తిరిగే చక్రం కనిపిస్తోంది కదా! 1900 అన్నది కూడా నేను చెప్పలేదు, నేను పంపిన కాగితంలో ఏ సంవత్సరమూ లేదు. తెలిసినవాడు ఇది చూస్తే అమ్మేవాడికే తెలీదనో, మోసమనో అనుకుని బిడ్ వేయడు. దిద్దమని రెండుసార్లు రాశాను, బిడ్డింగ్ ముగిసేదాకా అలాగే ఉంచారు.

సీల్డ్ బిడ్ అంటే ఎవరెంత వేశారో మిగతావాళ్లకి తెలియదు, బాగానే ఉంది. వస్తువు ఇచ్చినవాడికి కూడా తెలియకూడదా? గరిష్ఠ బిడ్ 31,000 అన్నారు. ఎంతమంది వేశారని అడిగితే చెప్పడం కుదరదన్నారు. మర్నాడు ఫోన్ చేసి ఆ ముప్పై ఒక వేలకే ఇచ్చేయండి, మళ్లీ ఇంత రాదు అని ఒకటే ఒత్తిడి. నేను వద్దన్నాను. పది రోజులకి పార్సిల్ వెనక్కి వచ్చింది.

ఇక అసలు సంగతి. పంపేటప్పుడు సౌండ్ బాక్స్‌ని బాకాకి కలిపే గొట్టం నుంచి ఊడదీసి, దూదిలో చుట్టి, ఒక పాత రేకు డబ్బాలో పెట్టి వేరుగా ప్యాక్ చేశాను. దారిలో కుదుపుకి లోపలి అభ్రకం రేకు పగిలిపోతుందని అలా చేస్తాం. తిరిగి వచ్చిన పార్సిల్లో రేకు డబ్బా లేదు, సౌండ్ బాక్స్ గొట్టానికే తగిలించి ఉంది. అది మాది కాదు. మాదాని మీద "ఎగ్జిబిషన్" అని అక్షరాలు ఉంటాయి, లోపల పల్చటి అభ్రకం, వెనక అంచున మా తాతగారు ముల్లుతో గీసిన "రా" అక్షరం. దాని రబ్బరు వాషర్లు గట్టిపడి గరగరమంటుంటే రెండేళ్ల కిందట నా చేత్తో నేనే మార్చాను, కాబట్టి కళ్లు మూసుకుని పట్టుకున్నా పోల్చుకుంటాను. ఇప్పుడొచ్చినది చేతికి తేలిగ్గా ఉంది, ఒక్క అక్షరం లేదు, అభ్రకం బదులు అల్యూమినియం రేకు. నేను పైన చెప్పిన నకిలీ పెట్టెలకి తగిలించే రకం. గంటస్తంభం దగ్గర గడియారాలు బాగుచేసే పెద్దాయనకి చూపిస్తే కంటికి అద్దం పెట్టుకుని ఒక్క నిమిషం చూసి, "దీని మరల మీద కొత్త గీతలున్నాయి బాబూ, ఈమధ్యే ఎవరో విప్పి బిగించారు" అన్నారు.

అయినా అనుమానం తీరక కీ ఇచ్చి, కొత్త ముల్లు పెట్టి, పద్యాల రికార్డు ఒకవైపు వేశాను. వంటింట్లోంచి అమ్మ వచ్చి, "ఇదేట్రా, దీనికి జలుబు చేసిందేటి?" అంది. లక్క రికార్డు, అరిగితే మళ్లీ దొరకదు, సగంలోనే ఆపేశాను.

మీ వాళ్ల వాదన "వస్తువు వచ్చినట్టే పంపాం" అని. సరే, మీ లిస్టింగులోని ఆరో ఫొటో చూడండి. మీ గోదాములో మీ మనిషి తీసిన ఫొటో అది, "ఎగ్జిబిషన్" అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. లిస్టింగ్ ఇప్పుడు తీసేశారు, కానీ నేను ముందే దాచుకున్నాను. దానితోపాటు పార్సిల్ విప్పుతూ తీసిన వీడియో, మూడు లాంతర్ల దగ్గర కొరియర్ ఆఫీసులో ఇచ్చిన బరువు రసీదు జతచేస్తున్నాను. ఎవరు మార్చారో నాకు తెలీదు, ఎవరినీ దొంగ అనడం లేదు. మీ కస్టడీలో ఉండగా మారింది, అంతవరకు ఖాయం.

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. మా సౌండ్ బాక్స్ మాకు చేరాలి, డబ్బాతో సహా. కట్టిన 4,700 వెనక్కి ఇవ్వాలి, ఎందుకంటే తప్పు పేరుతో పెట్టిన లిస్టింగుకి నేను రుసుము కట్టక్కర్లేదు. వచ్చిన బిడ్లు ఎన్ని, ఎంతెంత అన్నది పేర్లు తీసేసి పంపండి. పోయిందనో, దొరకలేదనో అంటే దానికి బదులు డబ్బిచ్చి చేతులు దులుపుకుందామని చూడకండి, ముందు మీ గోదాము కెమెరాల రికార్డింగ్ చూసి రాతపూర్వకంగా చెప్పండి.

పదిహేను రోజులు చూస్తాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇప్పటికే నమోదు చేయించాను. ఆ తర్వాత విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. మీరే ఇంత దూరం రావాల్సి ఉంటుంది.

మీరు పంపిన సౌండ్ బాక్స్‌ని దూదిలోనే చుట్టి పెట్టాను. మీ కొరియర్ మనిషిని పంపి తీసుకెళ్లండి, ఆ ఖర్చు మీదే.

ఇట్లు,
లాట్ 47 యజమాని,
విజయనగరం