కోహాను అప్‌గ్రేడ్ చేయడానికి భయమెందుకు?

సంపాదకులకు,

హైదరాబాద్ చుట్టుపక్కల కళాశాల గ్రంథాలయాల్లో చాలాచోట్ల పుస్తకాల లెక్కంతా కోహా మీదే నడుస్తోంది. 1999లో న్యూజిలాండ్‌లోని ఒక గ్రంథాలయం కోసం మొదలై, 2000 జనవరిలో అక్కడ వాడుకలోకి వచ్చిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. ఏటా మే, నవంబరు నెలల్లో కొత్త వెర్షన్, మధ్యలో నెలనెలా దిద్దుబాట్లు వస్తాయి. 24.11 అంటే 2024 నవంబరుది. మన దగ్గర మాత్రం పెట్టిననాటి వెర్షనే ఏళ్ల తరబడి ఉండిపోతోంది.

అప్‌గ్రేడ్ అంటే భయం. అది ఊరికే రాలేదు. కళాశాల పేరు, రంగులు మార్చడానికి ఎవరో కోహాతో వచ్చిన టెంప్లేట్ (పేజీల రూపాన్ని నిర్ణయించే) ఫైళ్లనే నేరుగా దిద్దేస్తారు. అప్‌గ్రేడ్ కాగానే వాటి మీద కొత్త ఫైళ్లు వచ్చి పడతాయి, దిద్దిందంతా పోతుంది. ఒకసారి చేయి కాలాక ఇక దాని జోలికి ఎవరూ పోరు. ఈలోపు కోహా నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌కూ కాలం చెల్లి, భద్రతా దిద్దుబాట్లు ఆగిపోతాయి. పేరు, రంగుల వంటి మార్పులు కోహా సెట్టింగుల్లో, అంటే సిస్టమ్ ప్రిఫరెన్సుల్లోని ఓపాక్‌యూజర్‌సీఎస్ఎస్, ఇంట్రానెట్‌యూజర్‌జేఎస్ అనే గడుల్లో పెడితే డేటాబేస్‌లో ఉంటాయి, చెదరవు.

బాగా వెనకబడినచోట పాత సర్వర్ మీద ప్రయోగాలు వద్దు. బ్యాకప్ తీసే కోహా-డంప్ ఆదేశం నడిపితే రెండు ఫైళ్లు వస్తాయి, ఒకటి డేటాబేస్‌ది, ఇంకొకటి కాన్ఫిగరేషన్‌ది. మొదటిదే దాచుకుంటే రేపు రీస్టోర్ దగ్గర ఆగిపోతారు. కొత్త డెబియన్ మీద కోహా-రీస్టోర్ ఆదేశంతో ఆ రెండింటినీ ఎక్కించి, స్కీమా (డేటాబేస్ నిర్మాణం) అప్‌గ్రేడ్ పూర్తయిందో లేదో చూసుకోవాలి. డేటాబేస్ మార్పులు వెర్షన్ల వరుసలో వాటంతటవే జరుగుతాయి కనుక మధ్యవన్నీ విడివిడిగా ఎక్కించనక్కర్లేదు. వెతకడానికి వాడే సూచిక (ఇండెక్సు) తయారు కాకపోతే మాత్రం పుస్తకాలన్నీ ఉన్నా వెతికితే ఒక్కటీ దొరకదు. డేటా పోయిందని కంగారు పడకుండా ఆ ఇండెక్సును మళ్లీ కట్టే కోహా-రీబిల్డ్-జీబ్రా ఆదేశాన్ని పూర్తిగా నడపాలి.

మరో మాట. దోషం సవరించిన కోడ్‌ను సర్వర్లోనే దాచుకుంటే ప్రతి అప్‌గ్రేడ్‌కూ మళ్లీ అతికించుకోవాల్సిందే. కోహా దోషాలను నమోదు చేసే వెబ్‌సైట్ బగ్‌జిల్లాలో పెడితే మరొకరు పరీక్షించి సైన్-ఆఫ్ (ఆమోదం) ఇస్తారు, నాణ్యత చూసే క్యూఏ బృందం చూస్తుంది, ఆపైన రిలీజ్ మేనేజర్ దాన్ని కోహాలో చేరుస్తారు. సైన్-ఆఫ్ ఇవ్వడానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. శాండ్‌బాక్స్ అనే ప్రయోగ సర్వర్లో ప్యాచ్ (సవరించిన కోడ్) ఎక్కించి, పరీక్ష కోసం రాసిన మెట్లన్నీ వరుసగా చేసి, పనిచేసిందో లేదో చెబితే చాలు. మన ఇంజినీరింగ్ విద్యార్థులకు ఈ పనినే మినీ ప్రాజెక్టుగా ఇవ్వాలని కళాశాలలను కోరుతున్నాం.

– గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ నిర్వాహకులు, హైదరాబాద్