జాతర డప్పుకూ వారసత్వ గుర్తింపు కావాలి

గోదావరి డెల్టా జాతరల్లో మోగే డప్పు దరువుల్ని సాంస్కృతిక వారసత్వంగా ప్రభుత్వం గుర్తించాలి. జమైకా వాళ్ల రెగ్గే సంగీతాన్ని యునెస్కో 2018లోనే తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మూతపడ్డ ఫ్యాక్టరీల్లో, నేలమాళిగల్లో రాత్రంతా మోగిన బెర్లిన్ టెక్నోను, అంటే యంత్రాల మీద పుట్టే డ్యాన్స్ సంగీతాన్ని, 2024 మార్చిలో జర్మనీ తన జాతీయ వారసత్వ జాబితాకెక్కించింది. సభల్లో పాడే సంగీతమే సంస్కృతి అన్న పట్టుదల వాళ్లు వదులుకున్నారు, మనం వదల్లేదు. మా కోనసీమలో అమ్మవారి పేరిట తలకెత్తుకునే గరగల వెంట, కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి భుజాల మీద కదిలే ఎత్తైన వెదురు ప్రభల వెంట వాయించేవాళ్లను ఇప్పటికీ కూలి లెక్కనే మాట్లాడుకుంటాం. జాతర కరపత్రంలో చందా ఇచ్చినవాళ్ల పేర్లు వరసగా ఉంటాయి, డప్పు కళాకారుడి పేరు వెతికినా దొరకదు. పైగా ఇప్పుడు ట్రాక్టర్ మీద డీజే బాక్సులు ముందు నడుస్తుంటే వీళ్లు వెనక్కి జరగాల్సి వస్తోంది. డీజే మీద నాకేమీ పగ లేదు (టెక్నో కూడా డీజేల సంగీతమే కదా!). కానీ రెండూ ఒకేసారి మోగితే డప్పు వినపడదు. భాషా సాంస్కృతిక శాఖ ఊరూరా ఈ దరువుల్ని వాయించేవారి పేర్లతో సహా రికార్డు చేయించి, ఆ వివరాలను వారసత్వ గుర్తింపు కోసం కేంద్ర సంగీత నాటక అకాడమీకి పంపాలి. జాతర కమిటీలు డీజేకు పెట్టే ఖర్చులో సగమైనా డప్పు బృందాలకు కేటాయించి, ఊరేగింపులో వాళ్లకు విడిగా సమయం ఇవ్వాలి. వచ్చే సంక్రాంతికే ఇది మొదలుపెట్టొచ్చు.

– ఓ పాఠకుడు, అమలాపురం