తొలి క్రిస్మస్‌కి బజారంతా ఇంట్లోకి తేవాలా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో కొత్త జంటల తొలి క్రిస్మస్ అని వేసిన పేజీ చూశాను. ఫొటోలు బాగున్నాయి, కాదనను. కానీ ఆ ఫొటోల్లో ఉన్నంత హాలు మన విశాఖలో ఎంతమందికి ఉందండీ? ఆరడుగుల ప్లాస్టిక్ చెట్టు, కింద ఎర్ర తివాచీ, గోడ నిండా లైట్ల తెర, పక్కన థర్మోకోల్‌తో మంచు ఇల్లు. మొన్నమొన్న పెళ్లయి మధురవాడలోనో కూర్మన్నపాలెంలోనో సింగిల్ బెడ్‌రూమ్ అద్దెకి తీసుకుని, ఇంకా ఆధార్‌లో అడ్రస్ మార్పించుకునే పనిలో ఉన్న పిల్లలు అది చూస్తే ఏమనుకుంటారు? ఇవన్నీ లేకపోతే పండగే కాదు కాబోలు అనుకుంటారు. వాళ్లు అనుకోకపోయినా రెండు వైపులా పెద్దవాళ్లు అనుకుంటారు, అసలు టెన్షన్ అక్కడే.

నేను గాజువాకలో బట్టలు కుడతాను. పెళ్లి గౌన్లు, ముసుగులు, పూలపిల్లల ఫ్రాకులు, డిసెంబర్ వచ్చిందంటే ఊపిరాడదు. కుట్టించుకోడానికి వచ్చిన తల్లుల మాటలన్నీ మిషన్ దగ్గరే వినపడతాయి. ఈ మధ్య కొత్తగా వింటున్నదేంటంటే, అమ్మాయి అత్తారింట్లోనో వేరు కాపురంలోనో మొదటి క్రిస్మస్ చేసుకుంటుంటే చెట్టూ లైట్లూ పుట్టింటివాళ్లే కొనిపెట్టాలట. అల్లుడికి బట్టలు, అమ్మాయికి చీర, కేకు, అరిసెలు, కజ్జికాయలు సరే, అవి ఎప్పుడూ ఉన్నవే. చెట్టు సారెలో ఎప్పుడు చేరిందో నాకైతే తెలీదు. పక్కింటివాళ్లు ఐదడుగులది పెట్టారని మనం ఆరడుగులది పెట్టాలి, లేకపోతే వియ్యపురాలి ముందు మాట పడాలి! ఇలాంటి పేజీలు వేసి మీరు కూడా ఆ పోటీకే ఊతమిస్తున్నారు, అందుకే ఈ ఉత్తరం.

ఇంకోటి. మీరు అంత బాగా చూపించిన థర్మోకోల్ అలంకరణ మీద 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ జాబితాలో బెలూన్ల పుల్లలు, ప్లాస్టిక్ జెండాలతో పాటు అలంకరణ థర్మోకోల్ కూడా పేరు పెట్టి రాశారు. అమ్మేవాళ్లు అమ్ముతున్నారు, కొనేవాళ్లు కొంటున్నారు, అది వేరే సంగతి. పేపరువాళ్లు మాత్రం చూసుకుని వేయాలి కదండీ.

నేను చెప్పేది ఒక్కటే. కొత్త జంట మొదటి క్రిస్మస్‌కి ఇంట్లో వేలాడేవి వాళ్లిద్దరూ చేసుకున్నవై ఉండాలి, ఎన్ని తక్కువైనా సరే. పెద్దలు డబ్బులూ సలహాలూ రెండూ కాస్త తగ్గించుకోవాలి.

చేసుకోడానికి సామాను ఎక్కడిదంటారా, పెళ్లి ఇంట్లోనే మిగిలి ఉంటుంది. శుభలేఖలు! ఏ పెళ్లికైనా కాస్త ఎక్కువే అచ్చు వేయిస్తారు, మిగిలినవి అటక మీద డబ్బాలో పడుంటాయి. మందం కాగితం, బంగారు రంగు అచ్చు, ఇంతకంటే మంచి సామాను పూర్ణా మార్కెట్ అంతా తిరిగినా దొరకదు. మా మేనకోడలు, వాళ్లాయన చేస్తుంటే చూశాను. హార్లిక్స్ సీసా మూత పెట్టి కార్డు మీద గుండ్రాలు గీశారు, కత్తిరించారు, ఒక్కోటి సరిగ్గా సగానికి మడిచి, ఒకదాని వీపుకి ఇంకోదాని వీపు అంటించుకుంటూ పోయారు. ఆఖరి దాన్ని మొదటి దానికి అంటించే ముందు మధ్యలో దారం పెట్టేస్తే బంతి తయారు. ఒక్కో మడతలో ఒక్కో ముక్క కనపడుతుంది, ఓ చోట సగం పేరు, ఓ చోట పెళ్లి తేదీ, ఓ చోట బైబిల్ వాక్యం. అప్పుడే మా వదిన వచ్చింది. "ఏటే ఇది, శుభలేఖలు కోసేస్తున్నారా, తప్పు కాదూ?" అంది. "మరి పాత పేపర్లవాడికి వేస్తే తప్పు కాదా అమ్మా?" అంది పిల్ల. వదిన కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత తనే కత్తెర తీసుకుంది. గుండ్రం మాత్రం వంకర పోయింది, అల్లుడు ఏమీ అనకుండా అంటించేశాడు. మంచి కుర్రాడు.

ముసుగు కుట్టగా మిగిలిన నెట్టు, చీర అంచు ముక్కలు కూడా పారేయకండి. టైలర్‌ని అడిగితే ఇస్తుంది, అడగరు గానీ.

ఇక స్టార్. ఇప్పుడన్నీ మడతపెట్టి అమ్మే కాగితం స్టార్లే, మన సముద్రపు గాలికి రెండో రోజుకి చిరుగుతాయి. మా నాన్న వెదురు బద్దలతో కట్టేవాడు. ఐదేసి బద్దలతో రెండు చుక్కలు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనలూ గట్టిగా బిగించి, లోపలి మూలల్లో ఐదు చిన్న పుల్లలు నిలబెడితే పొట్ట ఉబ్బుతుంది. దాని మీద రంగు గ్లేజు కాగితం. జిగురుకి మైదా ఉడకబెట్టి, బొద్దింకలు తినకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేవాళ్లు (అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు, ఉప్పు వేసినా నాలుగు రోజులు ఆగుతుంది). ఒక వైపు కాగితం అంటించకుండా తలుపులా వదిలితే బల్బు మార్చుకోవచ్చు. అప్పట్లో అరవై వాట్ల బల్బు వేడికి కాగితం మాడేది, జీరో బల్బుతో సరిపెట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఎల్‌ఈడీతో ఆ భయం బాగా తగ్గింది. అద్దింట్లో ఓనరు మేకు కొట్టనివ్వడు కాబట్టి కిటికీ గ్రిల్లుకే కట్టుకోవాలి, తీగ కాకుండా నైలాన్ తాడు వాడండి, ఉప్పుగాలికి తీగ తుప్పు పట్టి కాగితం మీద మరకలు దిగుతాయి. ఇద్దరు ఉంటేనే అయ్యే పని ఇది, ఒకరు పట్టుకోవాలి, ఒకరు కట్టాలి. షిఫ్టుల వల్ల మొహాలు చూసుకోడానికే తీరిక లేని పిల్లలకి అంతకంటే ఏం కావాలి?

యేసు పుట్టిన పశువుల పాకని బొమ్మలతో పెట్టే దగ్గర మాత్రం గొడవలు నిజంగానే వస్తాయి. మన ఉత్తరాంధ్రలో బాప్టిస్టులూ ఎక్కువే, ఇటు పాతకాలం నుంచి కతోలికులూ ఉన్నారు, సంబంధాలు కలుస్తున్నాయి. పిల్ల వాళ్లు కతోలికులైతే పాక పెట్టకుండా పండగ గడవదు, పిల్లాడి వాళ్లు బాప్టిస్టులైతే బొమ్మలంటే ఒప్పుకోరు. 1223లో ఇటలీలో గ్రెచ్చో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సాధువు ఈ పాక మొదట పెట్టినప్పుడు ఉన్నది గడ్డి వేసిన తొట్టె, నిజం ఎద్దు, నిజం గాడిద అంతే. కాబట్టి ఒక చిన్న చెక్కపెట్టె, గుప్పెడు వరిగడ్డి, పైన ఒక దీపం పెట్టుకుంటే ఇటు పాకా ఉన్నట్టే, అటు బొమ్మలూ లేనట్టే. రెండు వైపుల అత్తలూ వచ్చి కూర్చున్నా పేచీ ఉండదు.

చెట్టుకి సరుగుడు కొమ్మ చాలు, మన వైపు ఎప్పుడూ అదే. అయితే బీచ్ పక్కన ఉన్నవి విరవొద్దు, 2014లో హుద్‌హుద్‌కి ఎన్ని కూలాయో చూసినవాళ్లం. లేదంటే కడియం నర్సరీల నుంచి వచ్చే క్రిస్మస్ మొక్క ఒకటి కుండీలో తెచ్చుకోండి. నార్ఫోక్ దీవి నుంచి వచ్చిన జాతి, ఉప్పుగాలికి బాగా ఆగుతుంది, మెల్లగా పెరుగుతుంది. మొదటేడు మోకాలెత్తు, పిల్లలు పుట్టి నడిచేసరికి వాళ్లతో సమానం. ఏదైనా కొనే తీరాలంటే ఏటికొప్పాక లక్క సామాను కొనండి. అంకుడు కర్ర, లక్క, మొక్కల నుంచి తీసిన రంగులు, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పిడతలకి దారం కట్టి వేలాడదీస్తే చైనా గాజు బంతులు ఎందుకు?

వచ్చే డిసెంబర్‌కి ఒక్క పని చేయండి. ఆ షాపింగ్ పేజీ బదులు వెదురు స్టార్ కొలతలు బొమ్మతో సహా వేయండి, అద్దింట్లో ఉన్న జంట ఫొటో ఒకటి వేయండి. ఫొటో దొరకదంటే మధురవాడలో మా మేనకోడలి ఇల్లుంది. కాకపోతే ముందుగా ఫోన్ చేసి రమ్మనండి, బాల్కనీలో ఆరేసిన బట్టలు తీయించాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గాజువాక, విశాఖపట్నం